వారానికి ఒక్కటే

"అక్కా, అవ్వ ఇగ లేదు" అని సంగారెడ్డి ఆసుపత్రి నుంచి కింది ఇంటి కోడలు ఫోన్ చేసినప్పుడు నేను పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. ఆ మాటకు నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పొద్దున మందులు వేశారా?" అని అడిగాను. ఆ పిల్ల నెమ్మదిగా, "ఇంకేం మందులక్కా" అంది.

మూడు నెలలుగా మా మధ్య వేరే మాట లేదు. ఏ మందు వేశారు, ఎన్నింటికి వేశారు, ఎంత తాగింది, ఎంత పోసింది. మనిషి పోయినా నా నోరు ఆ లెక్కలోనే ఉండిపోయింది.

పోయినావిడ మా ఇంటి ఓనరు. జహీరాబాద్‌లో వాళ్ల ఇంటి పైవాటాలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్నాం. మొదటి రోజు నేను "ఓనరమ్మగారూ" అంటే, "గదేం పిలుపు? పెద్దమ్మా అను" అంది. ఆ రోజు నుంచి నాకు పెద్దమ్మే.

మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. వాళ్లు లింగాయతులు. పోయినవాళ్లను పడుకోబెట్టరు, బాసింపట్టు వేయించి కూర్చోబెడతారు. నుదుట విభూతి పెట్టి, పూలదండ వేసి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఏళ్ల తరబడి మడతపడని మోకాళ్లు అవి. మెట్టెక్కాలంటే గోడ పట్టుకుని, ఒక కాలు పెట్టి, రెండో కాలిని దాని పక్కకు ఈడ్చుకునేది. ఆ మోకాళ్లను నలుగురు పట్టుకుని మడిచారు. "నెమ్మదిగా" అని నా గొంతు దాకా వచ్చి ఆగింది.

పెద్దమ్మ పుట్టింది బీదర్ వైపు ఒక పల్లెలో. మొగుడంపల్లి దగ్గర అల్లం, చెరకు పండించే ఇంటికి కోడలై వచ్చింది. భర్త పోయాక కొడుకుతో జహీరాబాద్‌కు మారింది. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కూరగాయల బండివాడితో ఉర్దూ మాట్లాడేది. కానీ చదవడం వచ్చింది ఒక్క కన్నడమే, అదీ నాలుగో తరగతి వరకు. హైవే మీద బీదర్ బస్సులు కనిపిస్తే చాలు, బోర్డు మీది ఊళ్ల పేర్లన్నీ పైకి చదివేది. ఎక్కే పని లేకపోయినా చదివేది. తెలుగు బోర్డు వస్తే నా వంక చూసేది. ఆమెకు తెలుగూ ఇంగ్లీషూ చదివిపెట్టే కళ్లు నావే. కరెంటు బిల్లు, పెళ్లిపత్రిక, మందుల డబ్బా ఏదైనా సరే, "ఇందుల ఏమున్నదో జర సదువు బిడ్డా" అంటూ నా చేతిలో పెట్టేది.

మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయనకు ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఈ ఊరు వచ్చాం. నాకు ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే పని దొరికింది. వచ్చిన వారంలో ఒక రోజు పెద్దమ్మ నన్ను కిందికి పిలిచి, పెనం మీది జొన్నరొట్టె నేరుగా నా పళ్లెంలో వేసింది. పక్కన పుంటికూర. పుంటికూర అంటే మా గోంగూరే. రెండో ముద్దకే రొట్టె నా గొంతుకు అడ్డం పడింది. ఆమె నీళ్లివ్వలేదు.

"నమలాలె బిడ్డా. బువ్వ మింగినట్టు మింగుతున్నవ్. బియ్యం తిని తిని మీ పండ్లు పని మర్శినయ్" అంది.

నాకు రోషం వచ్చింది. నమిలాను. ఆ రోజు ఒక్క రొట్టె తినడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె నా ఎదురుగా కూర్చుని పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, వానాకాలం మొదట్లో చేల గట్ల మీద ఏయే ఆకుకూరలు వాటంతటవే మొలుస్తాయో చెప్పుకుంటూ పోయింది. దొగ్గలి కూర అంది, సన్నవాయిలి అంది. ఎవరూ విత్తనం వేయని కూరలవి. వాన పడ్డ పదిహేను రోజులకు మొగుడంపల్లి నుంచి ఒక గంప వచ్చేది, అందులో సగం మా మెట్ల మీద ఉండేది.

మా పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు నాకు రక్తం తక్కువుందని సర్కారు దవాఖానలో ఐరన్ మాత్రలిచ్చారు. వేసుకుంటే వికారం, కడుపులో తిప్పడం. నాలుగు రోజులు వేసుకుని మానేశాను. ఆ సంగతి పెద్దమ్మకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. మర్నాటి నుంచి రోజూ మెట్ల కింద నిలబడి పైకి అరిచేది.

"గోలీ ఏసుకున్నవా?"

"వేసుకుంటాను పెద్దమ్మా."

"ఏసుకుంట అనుడు కాదు. నా ముందటికొచ్చి ఏసుకో. చాయ్ తాగి గంటసేపు ఆగినవా? నిమ్మకాయ నీళ్లు తెచ్చుకున్నవా? నర్సమ్మ చెప్పింది నాకు యాదికున్నది, సదువుకున్నదానివి నీకు లేదా?"

పిల్ల పుట్టేదాకా ఒక్క రోజు వదల్లేదు. ఆ మాత్రలను వికారం లేకుండా మింగడం నాకు నేర్పింది ఆమే. అవి తిన్నాకే నేను ఆయాసపడకుండా మెట్లెక్కగలిగాను.

అప్పుడే మా ఆయన స్నేహితుడి భార్య నాకోసం ఒక పొడి డబ్బా తెచ్చింది. పాలల్లో కలుపుకుని తాగితే తల్లికీ బిడ్డకూ బలమట. డబ్బా మీద నవ్వుతున్న తల్లి బొమ్మ. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చింది.

"సదువు."

చదివాను. పాలపొడి, చక్కెర, కోకో, రంగు, వాసనకు ఏదో, ఆపైన సన్నని అక్షరాల్లో విటమిన్ల వరస.

"పాలు, చక్కెర మన ఇంట్ల లేవా?" అంది. తర్వాత కాసేపు ఆలోచించి అడిగింది. "గోలీ ఇచ్చినోళ్లు నీ రక్తం సూసి ఇచ్చిన్రు. ఈ డబ్బా ఇచ్చినామె నీది ఏం సూసి ఇచ్చింది?"

ఇన్నేళ్ల బడి చదువులో, పాఠాలు చెప్పడంలో ఈ విషయం గురించి ఇంతకంటే సూటైన మాట నేను వినలేదు. నీలో ఏది తక్కువుందో చూసిన వాడు ఇస్తే అది మందు. చూడకుండా ఇస్తే అది బహుమతి. పెద్దమ్మకు ఆ తేడా తెలుసు.

అల్లం చేలోనూ ఆమెది అదే లెక్క. పురుగుమందుల దుకాణం వాళ్లు కొత్త ఎరువు సంచి అంటగట్టబోతే కొడుకును వారించడం నేను విన్నాను. "ఎరువు ఎక్కువేస్తే ఆకు పచ్చగ కనపడ్తది. తవ్వినంక గడ్డ ఉండదు" అంది.

ఇంత తెలిసిన మనిషికి గోలీలే ప్రాణం మీదికి ఎందుకు తెచ్చాయి అని మీరు అడగవచ్చు. నేనూ రోజూ అడుగుతూనే ఉన్నాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే. ఆమెకు నొప్పి మొదలైంది.

మోకాళ్ల నొప్పి మొదట మెట్ల దగ్గర పట్టుకుంది, తర్వాత పొయ్యి దగ్గర, తర్వాత మంచం దగ్గర. మూడేళ్లలో పెద్దమ్మ ప్రపంచం వరండా అంత అయింది. పైకి రావడం మానేసింది. నన్ను పిలవాలంటే చేతికర్రతో రెయిలింగు మీద కొట్టేది. "కాళ్లల్ల ఎవరో కూసోని గుంజుతున్నట్టున్నది బిడ్డా" అనేది.

ఒక శనివారం నేనే ఆమెను ఊళ్లోని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు, రక్తం పరీక్ష చేశారు. కీళ్లు అరిగిపోయాయని, అవి పూర్తిగా బాగు కావని చెప్పాడు ఆయన. దాంతో పాటు డి విటమిన్ బాగా తక్కువుంది, శాకాహారి కాబట్టి బి12 కూడా తక్కువుంది అన్నాడు. బి12 మాత్ర రోజూ వేసుకోమన్నాడు. కాల్షియం కొంతకాలం. డి విటమిన్ క్యాప్సూల్ గురించి మాత్రం నా వైపు తిరిగి రెండుసార్లు చెప్పాడు.

"ఇది వారానికి ఒక్కటే. ఎనిమిది వారాలు. తర్వాత ఆపేసి మళ్లీ నాకు చూపించండి."

సోమవారం శివుడి రోజు, ఆమె మరచిపోదని సోమవారం పెట్టాం. గోడ మీది క్యాలెండర్లో ఎనిమిది సోమవారాలకు నేనే సున్నాలు చుట్టాను. పెద్దమ్మ దానికి సోమారం గోలీ అని పేరు పెట్టింది. పూజ చేసుకుని, విభూతి పెట్టుకుని, ఆ క్యాప్సూల్ వేసుకునేది.

ఎనిమిది వారాలు పూర్తయ్యాక ఒక ఆదివారం నా తలుపు చప్పుడైంది. తీస్తే పెద్దమ్మ. మూడేళ్ల తర్వాత మెట్లెక్కి వచ్చింది. చెమటలు కారుతున్నాయి. తలుపు చెక్కను పట్టుకుని నిలబడి, "సూస్తివా" అంది. అంతే అంది. మా ఇంట్లోకి వచ్చి, నా వంటింటి డబ్బాలన్నీ చూసి, పప్పు డబ్బాకు మూత సరిగా లేదని సర్ది, కుర్చీలో కూర్చుని టీ తాగింది. ఆ పూట ఆమె ముఖంలోని వెలుగును నేను మళ్లీ చూడలేదు.

ఆ వెలుగు ఒక్కసారి రావడమే మాకు చేటయింది. సోమారం గోలీ తనను మెట్లెక్కించిందని ఆమెకు నమ్మకం కుదిరింది. డాక్టరుకు మళ్లీ చూపించాలనుకున్న వారం అల్లం తవ్వకాలు వచ్చాయి, తర్వాత ఎవరిదో పెళ్లి వచ్చింది, తర్వాత అందరం మరిచిపోయాం. బి12 మాత్ర మానేసింది. "దాంతోని ఏం తేడా తెలుస్తలేదు" అంది. తేడా తెలియని మందు మానేసి, తేడా తెలిసిన మందును మళ్లీ మొదలుపెట్టింది. మందుల షాపుకు పాత అట్ట పంపితే కొత్త అట్ట వచ్చేది. ఎవరూ చీటీ అడగలేదు.

ఆపైన డబ్బాలు రావడం మొదలైంది. పెద్దమ్మకు కాళ్ల నొప్పులని ఊరందరికీ తెలుసు, పెద్దమ్మ అంటే ఊరందరికీ ఇష్టం. కొడుకు హైదరాబాద్ వెళ్లినప్పుడు ఎముకల బలానికని ఒక పెద్ద డబ్బా తెచ్చాడు. కోడలి అన్న ఇంకొకటి తెచ్చాడు. రెండు వీధుల అవతల ఆరోగ్య పొడులు అమ్మే ఒకావిడ తన అత్తగారు వీటితోనే లేచి తిరుగుతోందని చెప్పి మూడు రకాలు ఇచ్చిపోయింది. కోహీర్‌లో చుట్టాలింటికి పోతే అక్కడ ఊరి డాక్టరు బలానికి సూది వేశాడు, రెండో నెల మళ్లీ వేశాడు. మా అమ్మకని ఫోన్లో కీళ్ల మాత్రలు తెప్పిస్తే ఒకదానికి ఒకటి ఉచితమన్నారు. ఆ రెండోది నేను పెద్దమ్మకిచ్చాను. మేమంతా ఆమెవి ఏం చూసి ఇచ్చామో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగడం మానేసింది. "ఏసుకోకపోతే తెచ్చినోళ్లు బాధపడ్తరు" అనేది.

ఇంగ్లీషు అక్షరాలు చదివిపెట్టింది నేనే. పేర్లు చదివాను. పేర్ల పక్కన అంకెలున్నాయి, వాటిని చదవలేదు. ఒక్కోదాన్ని విడిగా చదివాను. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవలేదు.

పోయిన దసరా సెలవులకు ముందు, వరండాలో కూర్చుని నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మార్కులు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. పెద్దమ్మ పక్కనే మంచం మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటోంది.

"బిడ్డా, ఈ సోమారం గోలీ దినాం ఏసుకుంటే జల్ది తక్కువైతదా?"

నేను తలెత్తలేదు. "విటమినే కదా పెద్దమ్మా. ఏం కాదులెండి" అన్నాను.

ఆమె "మంచిది" అంది. నేను తర్వాతి పేపరు తీసుకున్నాను.

నేను తొమ్మిదో తరగతికి పోషకాహారం పాఠం చెబుతాను. ఏ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి, ఒంట్లో నిలవ ఉంటాయి, ఎక్కువైతే చేటు చేస్తాయి. ఈ వాక్యం ఏటా బోర్డు మీద రాస్తాను. ఆ రోజు నేను దిద్దిన పేపర్లలో ఆ ప్రశ్న ఉంది. సరిగ్గా రాసిన పిల్లలకు మార్కులు వేస్తూనే ఆ మాట అన్నాను.

చలికాలం చివరికొచ్చేసరికి పెద్దమ్మ రొట్టె సగం వదిలేయడం మొదలుపెట్టింది. తర్వాత పావు తినేది. నోరు ఎండుతుందని మంచం పక్కన చెంబు పెట్టుకునేది, మాటిమాటికీ లేచేది. వాంతులు. కడుపు బిగదీసుకుపోయేది. గ్యాసన్నాం, వయసన్నాం, ఎండలు ముదురుతున్నాయన్నాం. ఒక రోజు నన్ను చూసి ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. నీరసం వల్ల అనుకున్నాం. నీరసమని కొడుకు ఇంకో టానిక్ తెచ్చాడు. నేను ఒక పొడిని పాలల్లో కలిపి చెంచాతో నోట్లో పోశాను. "తాగండి పెద్దమ్మా, బలం వస్తుంది" అన్నాను. ఆమె నా మొహం చూసి, చిన్నపిల్లలా తాగేసింది.

కళ్లు తేలేసిన రోజు సంగారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసామె. రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుంది, కిడ్నీలు దెబ్బతిన్నాయి అంది. "ఇంట్లో ఏమేం వాడుతున్నారో అన్నీ తీసుకురండి. ఖాళీ డబ్బాలు కూడా" అంది.

బస్సులో వచ్చి నేనే తీసుకెళ్లాను. గుడ్డసంచి నిండింది. డాక్టరమ్మ వాటిని బల్ల మీద ఒక్కొక్కటే నిలబెట్టింది. ప్రతి డబ్బానూ వెనక్కి తిప్పి, సన్నక్షరాలు చదివి, కాగితం మీద అంకె వేసింది. "దీన్లో ఉంది. దీన్లోనూ ఉంది. దీన్లోనూ" అంటూ పోయింది. చివర క్యాప్సూల్ అట్ట చేతిలోకి తీసుకుంది.

"ఇది వారానికి ఒకటి కదా. ఎలా వేసుకున్నారు?"

"దినాం, మేడం" అన్నాడు కొడుకు.

ఆమె కలం ఆగింది. "రోజూ వేసుకోమని ఎవరు చెప్పారు?"

కొడుకు నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. ఇంగ్లీషు వచ్చినప్పుడల్లా, డాక్టర్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా వైపు చూసినట్టే చూశాడు, జవాబు నేను చెబుతానని.

"మాకు తెలియలేదండి" అన్నాను. ఆ 'మాకు'లో దాక్కున్నాను.

"ఆపేస్తే తగ్గిపోతది గదా మేడం?" అన్నాడు కొడుకు.

"ఆపేశాం. కానీ ఇది ఒంట్లో కొవ్వులో నిలవ ఉంటుంది. పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కిడ్నీలు తట్టుకోవాలి. పెద్దావిడ, బీపీ కూడా ఉంది." తర్వాత బల్ల మీది డబ్బాలను ఇంకోసారి చూసి, "బి12 ఏది? మాంసం, గుడ్డు తినరు కదా. ఆమెకు రోజూ కావలసింది అదే, అదొక్కటే లేదు" అంది.

ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. వెళ్లబోతుంటే మాత్రం చెప్పింది. "విటమిన్లు చెడ్డవి కావు. ఎవరికి, ఎందుకు, ఎంత, ఎప్పటిదాకా అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్క డాక్టరుకు ఒక్కసారి చూపించండి." రాసుకున్నాను. ఎవరి కోసం రాసుకున్నానో నాకే తెలియదు.

ఆసుపత్రి వరండాలో కొడుకుతో నిజం చెప్పాను. దసరా ముందు అడిగింది, నేనే ఏం కాదన్నాను అని.

"మీరు ఒక్క మాటన్నరక్కా. నేను డబ్బాలు మోసుకొచ్చిన. దాని మీద ఏమున్నదో ఒక్కనాడు సూడలె" అన్నాడు. నేను అతన్ని ఓదార్చలేదు, అతను నన్ను ఓదార్చలేదు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

డయాలిసిస్ మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం పెద్దమ్మకు తెలివి బాగా ఉంది, నన్ను సరిగ్గా గుర్తుపట్టింది, పిల్లల గురించి అడిగింది. ఇదే సమయమనుకున్నాను.

"పెద్దమ్మా, దసరా ముందు మీరు అడిగారు, సోమారం గోలీ రోజూ వేసుకోవచ్చా అని. నేను ఏం కాదన్నాను. తప్పు చెప్పాను పెద్దమ్మా."

"ఏ దినం?"

"నేను పేపర్లు దిద్దుతున్నాను. మీరు మంచం మీద కూర్చున్నారు."

ఆమె పైకప్పు చూస్తూ వెతికింది. నిజంగా వెతికింది, నా కోసం.

"నాకు యాదికి లేదు బిడ్డా" అంది. "జర నీళ్లియ్యి."

నీళ్లకు కొలత పెట్టారు. ఆ పూటకు నర్సు ఇచ్చిన గ్లాసు అయిపోయింది. ఆ సంగతి చెప్పాను. "గొంతు ఎండుతున్నది" అంది. దూది తడిపి పెదాలకు రాశాను. ఇంటికి ఎవరొచ్చినా చెంబెడు నీళ్లిచ్చాకే పేరు అడిగే మనిషి ఆమె. నేను చేయగలిగింది తడి దూది రాయడం.

ఆమె పోయిన వారానికి మా అమ్మకు ఫోన్ చేసి, నేను పంపిన మాత్రలతో సహా ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించమన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అంతా విని, "ఆవిడకేదో వేరే జబ్బు ఉండుంటుంది. ఇవి విటమిన్లే కదే, ఏమవుతాయి" అంది. నా మాటే నా తల్లి నోట విన్నాను. ఈ సెలవుల్లో నేనే వెళ్లి ఆ సంచి సర్దుతాను. అంతకు మించి ఏం చేయాలో నాకు తోచడం లేదు.

ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఎవరికో బుద్ధులు చెప్పడానికి కాదు. నాకు రొట్టె నమలడం, గట్టు మీది కూర గుర్తుపట్టడం, కావలసిన మందును మానకుండా మింగడం నేర్పిన మనిషి ఒకామె ఉండేదని చెప్పడానికి. ఆమె నన్ను అడిగిన ఒకే ఒక్క సందేహానికి నేను తలెత్తి జవాబు చెప్పలేదని కూడా చెప్పడానికి.

చివరిసారి ఆమె ఊరు చూసింది మే నెలలో. డయాలిసిస్ అయ్యాక రెండు రోజులు ఇంటికి పంపితే, తీసుకురావడానికి నేనూ వెళ్లాను. కారు జహీరాబాద్ చేరబోతుంటే, "చేనుకాడికి పోదాం" అంది. ఎండలో వద్దని కోడలు అంటే, "దూరంకెల్లి సూసొస్త" అంది. కోడలిని ఇంటి దగ్గర దింపి, కొడుకు కారును మొగుడంపల్లి వైపు తిప్పాడు.

అల్లం నాట్లు సాగుతున్నాయి. ఎర్రమట్టి బోదెల మీద పదిహేనుమంది ఆడవాళ్లు వంగి విత్తనపు అల్లం పెడుతున్నారు. కొడుకు గట్టు పక్కన కారు ఆపాడు. ఎండకు తాళలేదని ఇంజన్ ఆపకుండా, ఏసీ అలాగే ఉంచి, అద్దాలు మూసి ఉంచాడు. మేమిద్దరం దిగాం. ఆమె దిగలేదు, దిగే శక్తి లేదు.

కారును చూసి వాళ్లు ఒక్కొక్కరే నడుము ఎత్తారు. కొంగుల్లో అల్లం ముక్కలు అలాగే పట్టుకుని గట్టు దాకా వచ్చి కారు పక్కన నిలబడ్డారు. లోపల పెద్దమ్మ మాట్లాడుతోంది. చెయ్యి ఎత్తి బోదెలను చూపిస్తూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, మళ్లీ మొదలుపెడుతూ చాలాసేపు మాట్లాడింది. అద్దం మూసి ఉందని ఆమెకు తెలియలేదు. దించాలని నాకు తోచలేదు, కొడుక్కీ తోచలేదు. బయట ఒక్క మాటా వినపడడం లేదు. ఆ ఆడవాళ్లు ఎండలో కళ్లు చిట్లించి, ఆమె పెదాలనే చూస్తూ, ప్రతి మాటకూ తలూపుతున్నారు. "ఊఁ అవ్వా. ఊఁ. గట్లనే అవ్వా."